ఒంటికొండ బదులు

అనగా అనగా, కొండలే గోడలైన ఒక రాజ్యం. ఆ కొండలెన్ని అని మాత్రం అడక్కండి. లెక్కపెట్టిన ప్రతివాడికీ వేరే లెక్క వచ్చింది. ఎవడి లెక్క వాడిదే నిజమని జుట్లు కూడా పట్టుకున్నారు. మనకెందుకా గొడవ? చాలా కొండలు అనుకుందాం.

ఆ రాజ్యంలో కొండచుట్టు అనే ఆచారం ఉండేది. కోటవాకిట్లో బయలుదేరి, కొండ తరువాత కొండ ఎక్కి, అన్ని శిఖరాలూ తాకి, మళ్ళీ కోటవాకిటికే పరుగున రావాలి. పూటలో తేలే పనా అది? రోజులకు రోజులు పట్టేది. బయలుదేరేటప్పుడు వాకిట్లోని పెద్ద రాతిదీపంలో నిండా నూనె పోసి వెలిగించేవారు. మళ్ళీ ఒక్క చుక్క పొయ్యరు. దీపం కొండెక్కేలోగా వచ్చినవాళ్ళే చుట్టు తిరిగినట్టు.

ఇంకో నియమం కూడా ఉంది. శిఖరం ఎక్కినవాళ్ళు తమ పేరు గొంతెత్తి చెప్పాలి. కింద ఊరివాళ్ళు ఆ కేక విని "విన్నాం, పోయిరా" అని బదులివ్వాలి. ఆ బదులు చెవినపడ్డాకే కొండ దిగాలి. వెంట కాపలావాళ్ళెవరూ రారు. తిరిగొచ్చాక దీపం మీద అరచెయ్యి చాపి, ఏ కొండ కింద ఎవరి గొంతు పలికిందో చెప్పాలి. పరుగెత్తినవాళ్ళ మాటే సాక్ష్యం.

ఎప్పుడో పూర్వం సోములు అనే ఆయన తిరిగొచ్చినప్పుడు దీపంలో నూనె ఎంత మిగిలిందో, అక్కడ రాతి మీద గీత గీశారు. దాన్ని సోములు గీత అనేవారు. ఆ గీతకి పైన నూనె ఉండగా వచ్చినవాడు ఆ తరువాత పుట్టలేదు. కొత్తగా పట్టం కట్టుకున్న రాజుగారికి ఆ గీత చూసినప్పుడల్లా మనసు ఊరుకునేది కాదు. దాన్ని దాటినవారు ఏది కోరితే అది ఇస్తానని చాటింపు వేయించారు.

ఆ చాటింపు కోట వెనక సందులో కట్టెలమ్ముకునే తవిటమ్మ చెవిన కూడా పడింది.

తవిటమ్మ పుట్టింది ఆ సందులో కాదు. కొండలన్నిటికీ చివర, అన్నిటికీ దూరంగా నిలబడ్డ ఒంటికొండ కింద పుట్టింది. ఆ ఊరికి ఒకటే ఊట, ఒకటే దారి. తవిటమ్మ చిన్నతనంలో ఒక వానాకాలం కొండచరియ జారి, దారినీ ఊటనీ ఒక్కసారే మింగేసింది. నీళ్ళు లేని ఊళ్ళో ఎన్నాళ్ళుంటారు? పిల్లాజెల్లా, ముసలీముతకా శిఖరాల మీదుగా నడిచి కోట వెనక ఆ సందుకి చేరారు. ఎవరూ పట్టించుకోలేదు. మోపు చవగ్గా అమ్మే జనం వచ్చారని మాత్రం పట్నంవాళ్ళు సంతోషించారు. దారి మూసుకుపోయింది కాబట్టి, ఆ తరువాత కొండచుట్టుకి వెళ్ళినవాళ్ళూ లేరు కాబట్టి, ఆ ఊరివాళ్ళు అవతలే హాయిగా ఉన్నారనుకున్నారు రాజుగారి కొలువులో.

ఎవరైనా కొండచుట్టుకి వస్తే, ఒంటికొండ కింద నిలబడి బదులిచ్చేది తవిటమ్మ తండ్రే. ఆయన గొంతు అంతటిది. సందులోకి వచ్చాక ఆ గొంతు ఎత్తడానికి చోటు లేకపోయింది. ఇరుగుపొరుగు విసుక్కునేవారు. అలాగే, పెద్దగా మాట్లాడకుండానే, ఆయన పోయాడు. చిన్నాన్న గంటయ్య ఆ ఇరుకు భరించలేక ఒకరోజు చేతికర్ర పట్టుకుని బయటికి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఎటు వెళ్ళాడో ఎవరికీ తెలియదు.

తవిటమ్మకి రోజూ ఊరు గుర్తొచ్చేది. నూరే రాయి చూస్తే ఊట పక్కన బండ గుర్తొచ్చేది. ఎసరు మరుగుతుంటే ఊట చప్పుడు గుర్తొచ్చేది. బెంగ అంటే అంతేనమ్మా, దానికి పెద్ద కారణాలేం అక్కర్లేదు.

సరే, చాటింపు విని మొదట పరుగెత్తినవాడు రత్నాల వర్తకుడి కొడుకు మాణిక్యం. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. సోములు గీతకి కాస్త కిందుగా నూనె ఉండగా వచ్చాడు. దీపం మీద చెయ్యి చాపి కొండకొండకీ చెప్పుకుంటూ పోయాడు. ఒంటికొండ దగ్గరికి వచ్చేసరికి, కింద ఎవరో ముసలాయన పలికాడన్నాడు.

జనంలో నిలబడ్డ తవిటమ్మ నెత్తిమీది మోపు జారి కిందపడింది.

ఆ సాయంత్రం సందులో ఎవరూ సరిగ్గా తినలేదు. ముసలాయన ఎవరు? గంటయ్యేనా? ఊట మళ్ళీ పడిందా? నూకాలు పెద్దమ్మ అయితే తట్టాబుట్టా సర్దడం మొదలుపెట్టింది. ఊరికే ఎవడైనా అబద్ధమాడతాడా అని ఆమె వాదన.

రెండోసారి పరుగెత్తినవాడు కోట కాపలావాళ్ళ నాయకుడు వీరభోగుడు. అతనూ గీత దాటలేదు గానీ గీతకి సరిగ్గా వచ్చాడు. ఒంటికొండ కింద ఆడమనిషి గొంతు పలికిందన్నాడు. నూకాలు పెద్దమ్మ తట్టకి తాడు కూడా కట్టేసింది. ఇప్పుడు ఇద్దరున్నారట ఊళ్ళో!

మూడోసారి ఎవరు పరుగెత్తుతారని అడిగితే తవిటమ్మ ముందుకొచ్చింది. కొందరు నవ్వారు. నవ్వనివ్వండి. మోపు నెత్తిన పెట్టుకుని రోజూ కొండ ఎక్కిదిగిన కాళ్ళవి. అరికాళ్ళకి ఆముదం రాసుకుని, కొంగులో చోడిపిండి, బెల్లం ముక్క మూటకట్టుకుని, దీపం వెలిగించగానే బయలుదేరింది.

ఎలా పరుగెత్తిందని చెప్పను? మొదటి కొండల మీద లేడిలా వెళ్ళింది. తరువాతి కొండల మీద వాన పట్టుకుంటే బండలు పట్టుకుని పాకింది. ఆ పైన మడమ చీలితే కొంగు చింపి కట్టుకుని కుంటింది. ప్రతి శిఖరం మీదా "తవిటమ్మా!" అని తన పేరు తనే అరిచింది. ప్రతి ఊరూ "విన్నాం, పోయిరా" అంది. ఒక ఊళ్ళో పిల్లలు పలికారు, ఒక ఊళ్ళో కుమ్మరి పలికాడు, ఒక ఊళ్ళో అత్తాకోడళ్ళిద్దరూ పోటీపడి పలికారు. తెలియనివాళ్ళు తన పేరు విని పొమ్మని పంపుతుంటే ఆమెకి ఏడుపొచ్చేది, బలమూ వచ్చేది. కూర్చున్నచోటే కునుకు తీసి మళ్ళీ లేచేది.

అలా ఒంటికొండ చేరింది.

కిందికి చూసింది. పొగ లేదు. ఇళ్ళకి కప్పులు లేవు. అయినా గుండెనిండా గాలి పీల్చి తన పేరు చెప్పింది. ఎదుటి చరియ తిరిగి ఆమె పేరే అంది. అంతే. రెండోసారి "గంటయ్య చిన్నాన్నా!" అని పిలిచింది. చరియ కూడా గంటయ్య చిన్నాన్నని పిలిచింది. మూడోసారి తండ్రి పేరు పిలిచింది. ఆయన లేడని తెలుసు. అయినా పిలిచింది. కొండ ఆ పేరును మూడు నాలుగుసార్లు అని ఊరుకుంది. "విన్నాం, పోయిరా" అన్నవాళ్ళు లేరు.

ఆమె అక్కడ కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఎండ తన పక్కనుంచి కొండ వెనక్కి జారేదాకా చూసింది. తరువాత లేచి, మిగిలిన కొండల వైపు పరుగెత్తింది.

దారంతా మనసు పోరింది. ఒక్క మాట చెబితే చాలదా? ఎవరో పలికారంటే సరి, కోరిక దక్కుతుంది, ఊట తవ్వించమని అడగొచ్చు. వాళ్ళిద్దరూ చెప్పలేదా? తాను చెబితే తప్పా? ఆ మాట నోట్లో తిప్పుకుంటూనే కోటవాకిటికి వచ్చింది. చూస్తే, దీపంలో నూనె సోములు గీతకి పైనే ఉంది! జనం ఈలలు వేశారు. రాజుగారు గద్దె దిగి వచ్చారు.

తవిటమ్మ దీపం మీద అరచెయ్యి చాపింది. కొండకొండకీ చెప్పింది. పిల్లలు పలికారంది, కుమ్మరి పలికాడంది, అత్తాకోడళ్ళు పలికారంది. ఒంటికొండ పేరు వచ్చేసరికి జనంలో నూకాలు పెద్దమ్మ కనిపించింది. చంకలో ఆ తట్ట అలాగే ఉంది. ఇప్పుడు ఎవరో పలికారంటే, ఆ పెద్దమ్మ లేనివాళ్ళ కోసం బతికినన్నాళ్ళూ చెవి ఒగ్గి కూర్చుంటుంది.

"ఒంటికొండ మీద పిలిచాను, మహారాజా. ఎవరూ పలకలేదు. అది మా ఊరే, మేమంతా ఎప్పుడో వచ్చేశాం. అక్కడ ఎవరూ లేరు. నా చుట్టు పూర్తి కాలేదు," అంది తవిటమ్మ.

రాజుగారు మాణిక్యం వైపు చూశారు, వీరభోగుడి వైపు చూశారు. ఇద్దరూ తమ కాలివేళ్ళు చూసుకుంటున్నారు. గట్టిగా అడిగేసరికి నిజం బయటపడింది. మొదటివాడు ఒంటికొండ దూరమని అసలు వెళ్ళనేలేదు. రెండోవాడు వెళ్ళాడు గానీ, తన కేక తిరిగొస్తే అదే చాలనుకుని దిగిపోయాడు.

రాజుగారు తవిటమ్మని అడిగారు: "నీ ఊరు ఖాళీ అని నీకు ముందే తెలుసు కదమ్మా. వీళ్ళు చెప్పినప్పుడే అబద్ధమని ఎందుకనలేదు?"

"నమ్మాలనిపించింది, మహారాజా," అంది ఆమె.

రాజుగారు దీపంలో నూనెనీ, రాతి మీద గీతనీ ఒకసారి చూశారు. ఆచారం ప్రకారం ఆమెకి గీత గియ్యడం కుదరదన్నారు. కోరిక అడిగే హక్కూ లేదన్నారు. జనం ఉసూరుమన్నారు. ఆ తరువాత ఆయనే, తన రాజ్యంలో పిలిస్తే పలికే దిక్కులేని కొండ ఉండటం తన తప్పనీ, దాన్ని దిద్దుకోవడానికి ఎవరి కోరికా అక్కర్లేదనీ చెప్పి, ఆ వారమే మనుషుల్ని గునపాలతో పంపారు.

జారిపడ్డ చరియ తొలగించడం అంత తేలికా? ఏళ్ళు పట్టింది. ముందు దారి తెరుచుకుంది, తరువాత ఊట దొరికింది. సందులోవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళి కప్పులు వేసుకున్నారు. అందరికంటే ముందు వెళ్ళింది ఎవరనుకున్నారు? తట్ట పట్టుకుని నూకాలు పెద్దమ్మే. గంటయ్య మాత్రం మళ్ళీ కనిపించలేదు. ఇక మాణిక్యానికీ వీరభోగుడికీ వేరే శిక్ష అక్కర్లేకపోయింది. వాళ్ళు ఏం చెప్పినా, "ఎక్కడ విన్నావు, ఒంటికొండ మీదా?" అని పట్నం పిల్లలే అడిగేవారు.

తవిటమ్మ అందరికంటే ఆఖరున బయలుదేరింది. తెరిచిన దారిన పోలేదు. అప్పటికి జుట్టు నెరిసింది, చీలిన మడమ సరిగ్గా అతకలేదు. పరుగు లేదు, నడకే. పాత చుట్టు దారినే, శిఖరం మీద ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ వెళ్ళింది. కోటవాకిట్లో ఆమె కోసం దీపమేమీ వెలగడం లేదు.

ఒంటికొండ ఎక్కి, వణికే గొంతుతో తన పేరు చెప్పింది. చరియ ఆ పేరు తిరిగి అంది. తరువాత, కాస్త ఆగి, కిందనుంచి చాలా గొంతులు ఒక్కసారే లేచాయి.

"విన్నాం, పోయిరా!"

తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగిలిన కొండలు అవతల వరసగా ఉన్నాయి, కోటకి దారి అటే. ఆమె అటు చూడలేదు. "ఎక్కడికి పోతానర్రా, వచ్చేశాను!" అని కేకవేసి, ఊరి వైపు దిగింది.

చేరకుండానే చేరానన్నవాడికి దారి అక్కడితో మూసుకుపోతుంది. చేరలేదని ఒప్పుకున్నవాళ్ళకే చేరే దారి మిగిలి ఉంటుంది.