కోయిల తీసిన దీర్ఘం

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో పులీ ఉంది, నక్కా ఉంది. కానీ ఈ కథ వాటిది కాదు. ఈ కథ ఒక గొంతుది.

ఆ అడవి నడుమ ఒక పెద్ద బండ ఉండేది. ఆ బండకు ఒక తొర్ర. తొర్ర ముందు నిలబడి మాట్లాడితే మాట అడవి అంతా వినిపించేది. మనకు రేడియో ఎలాగో, ఆ అడవికి ఆ బండ అలాగ. రోజూ పొద్దున్నే ఒక జెముడుకాకి అక్కడికి వచ్చేది. జెముడుకాకిని మీరు చూసే ఉంటారు. ఒళ్లు నల్లగా, రెక్కలు ఇటుక రంగులో ఉంటాయి. గొంతు కుండలోంచి పలికినట్టు బొంగురుగా ఉంటుంది. అది కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, గొంతు సవరించుకుని చెప్పేది.

"అడవికి మేలుకొలుపు. చెబుతున్నది జెముడుకాకి. ఈ రోజు పులి తూర్పు గుట్ట మీద ఉంది. తూర్పు గుట్ట మీద. అటు వెళ్లకండి."

అంతే. పాటా లేదు, పద్యమూ లేదు. అయినా ఆ నాలుగు మాటలు వినకుండా ఏ జంతువూ ఇల్లు కదిలేది కాదు.

ఏళ్లు గడిచాయి. జెముడుకాకి అవ్వ అయింది. గొంతు పోయింది. పక్కన కూర్చుంటే తప్ప దాని మాట వినపడేది కాదు. అప్పుడు అడవికి పెద్ద అయిన కణుజు అందరినీ పిలిచింది. కణుజు అంటే పెద్ద కొమ్ముల జింక.

"ఇక నుంచి బండ దగ్గర ఎవరు చెబుతారు?" అని అడిగింది.

నెమలి ముందుకొచ్చింది. తొర్ర ముందు ఒక్క కేక వేసింది. చంటిపిల్లలన్నీ ఏడుపు లంకించుకున్నాయి. తరువాత చిలుక వచ్చింది. ఎవరు ఏది చెబితే అది గడగడా అప్పజెప్పింది, నక్క చెవిలో ఊదిన అబద్ధంతో సహా. మూడోది కోయిల. "అడవికి మేలుకొలుపూ..." అని రాగం తీసింది. అడవి పందులు కూడా దుంపలు తవ్వడం ఆపి తలలెత్తాయి. ఇంకేం కావాలి? ఉద్యోగం కోయిలదే.

అవ్వ కోయిలను దగ్గరికి పిలిచింది.

"అమ్మాయ్, గొంతు దేవుడిచ్చాడు. మాట మాత్రం నువ్వే చూసుకోవాలి. నేను ఇన్నేళ్లూ అడవికి చెప్పలేదు. ఒక్కరికే చెప్పాను," అంది.

"ఎవరికి అవ్వా?"

"ముళ్లపంది తాతకి. ఆయనకు కళ్లు కనపడవు. కొండ వాలులో ఒంటరిగా ఉంటాడు. నా మాటే ఆయనకు చూపు. ఆయన నా ఎదురుగా కూర్చున్నాడనుకుని చెప్పేదాన్ని. ఆయనకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే."

కోయిలకు నవ్వొచ్చింది. "అడవి అంతా చెవులు రిక్కించి వింటుంటే, నేను ఒక్క ముళ్లపంది కోసం మాట్లాడాలా? నీ కాలం వేరు అవ్వా," అని తుర్రుమంది.

కొద్ది రోజుల్లోనే కోయిలకు ఎక్కడలేని పేరొచ్చింది. పొద్దున్నే బండ కింద పిట్టలు గుంపు కట్టేవి. దూరాన ఉన్న కుందేలు ఉడుతను ఆపి, "ఈవేళ ఏం చెప్పింది?" అని అడిగేది. "ఏమో గానీ, ఎంత బాగా చెప్పిందో!" అనేది ఉడుత.

చూశారా పిల్లలూ, అలాంటి మెప్పు నాకు భయం. ఏం చెప్పిందో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఒకరోజు కోయిల, "నేరేడు పళ్లు నెలకు రాలతాయి" అని చెప్పాలి. ఇంకో నెల ఆగండి అని దాని అర్థం. కోయిల ఊరుకుంటుందా? "నే...లకు రాలతాయీ" అని సాగదీసింది. నేలకు రాలతాయంటే వదులుతారా? పందులు పిల్లాపాపలతో వెళ్లి చెట్టు కింద నోళ్లు తెరుచుకుని సాయంత్రం దాకా కూర్చున్నాయి. ఒక్క పండూ పడలేదు.

"నీ గొంతులో లోపం లేదమ్మా. నువ్వు తీసే దీర్ఘంలో ఉంది," అంది అవ్వ.

"పందులకు సంగీతం ఏం తెలుసు అవ్వా?" అంది కోయిల.

వానాకాలం వచ్చింది. వానల్లో కోయిల కూయదంటారు. ఈ కోయిల మాత్రం మానలేదు. ఉద్యోగం కదా!

ఒక పొద్దున జోరున వాన. కొండముచ్చు రొప్పుతూ బండ దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. అడవిలో ఏం జరిగినా ముందుగా చూసొచ్చేది అదే.

"ఎగువన వాగుకు అడ్డంగా పడిన చెట్లు కొట్టుకుపోయాయి. వరద వచ్చేస్తోంది. అందరినీ కొనకు చేరమను, త్వరగా!" అంది.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. ఆ కొండకు పైన, చిట్టచివర, ఒక రాతి చదును ఉంది. దాన్ని కొన అంటారు. కొండ కింద, వాగు పక్కన, ఒక లోయ ఉంది. దాన్ని కోన అంటారు. ఆ రోజు కొన చేరినవాళ్లు బతుకుతారు. కోనకు దిగినవాళ్లు వాగులో కలిసిపోతారు. రెండింటికీ తేడా ఒక్క దీర్ఘం.

కోయిల తొర్ర ముందు నిలబడింది. కింద రోజూ వచ్చే పిట్టలు వానలో తడుస్తూ ఎదురుచూస్తున్నాయి. 'గబగబా నాలుగు ముక్కలు చెప్పేస్తే వీళ్లేమనుకుంటారు?' అనుకుంది. కళ్లు మూసుకుని రాగం ఎత్తుకుంది.

"ప్రమాదం వస్తోందీ... అందరూ కో...నకు చేరండీ..."

వరద అన్న మాట రాగంలో ఇమడలేదు. అందుకని వదిలేసింది.

వాగు ఒడ్డున ఉన్నవాళ్లు నీళ్లను కళ్లారా చూసి పైకి పరుగెత్తారు. కొండ వాలులో ఉన్న ముళ్లపంది తాతకు చూపు లేదు. వాన హోరులో వాగు హోరు కలిసిపోయింది.

"కోనకా? సరే. బండ చెప్పిందంటే ఊరికే చెప్పదు," అనుకుని తాత బొరియలోంచి బయటికొచ్చాడు. దారి తడుముకుంటూ కిందికి దిగసాగాడు. ఆ పక్కనే ఉన్న ముసలి కుందేలూ, రెండు కుందేలు పిల్లలూ ఆయన వెనకే బయలుదేరాయి.

చెట్టెక్కి చూస్తున్న కొండముచ్చు గుండెలు బాదుకుంది.

"అయ్యయ్యో! ముళ్లపంది తాత కోనలోకి దిగుతున్నాడు! వెనక కుందేళ్లు కూడా!"

"నేను కొన అనే అన్నాను," అంది కోయిల.

"నువ్వేమన్నావో వాగుకెందుకు? ఆయన విన్నది కోన!"

తను తీసిన దీర్ఘం ఏం చేసిందో కోయిలకు అర్థమైంది. కానీ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. 'తప్పు చెప్పానంటే రేపటి నుంచి నా మొహం ఎవరు చూస్తారు?' అందుకని తప్పు మాట ఎత్తకుండా, ఏమీ జరగనట్టే, తీయగా ఇంకోసారి చెప్పింది.

"అందరూ కొనకు చేరండి."

ఈసారి సరిగ్గానే పలికింది. కానీ ఏం లాభం? ఒకసారి కోన అని విన్న చెవి మళ్లీ కోన అనే వింటుంది. "అక్కడికే కదమ్మా వెళ్తున్నాను," అంటూ తాత ఇంకో నాలుగడుగులు కిందికి వేశాడు.

అది చూసి అవ్వ ఆగలేకపోయింది. తొర్ర దగ్గరికి వచ్చి నోరు తెరిచింది. ఉత్త గాలి వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించింది. మాట పెగల్లేదు. అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు కోయిలకు సిగ్గు వేసింది. ఇందాకటి సిగ్గు కాదు, అసలైన సిగ్గు.

"తాతా! ముళ్లపంది తాతా! ఆగు!" అని అరిచింది. రాగం లేదు. గొంతు కీచుగా పగిలిపోయింది. "నేను తప్పు చెప్పాను! వరద వస్తోంది. కిందికి కాదు, పైకి! కొండ పైకి!"

తాత ఆగాడు.

"వెనక్కి తిరుగు తాతా. తిరిగావా? నీ కుడి పక్కన రాయి తగులుతుంది. దాన్ని ఆనుకుని ఎక్కు. ఇంకా. ఇంకా ఎక్కు. ముందు చెట్టు వేరు ఉంది, కాలు చూసుకో."

చెట్టు మీద నుంచి కొండముచ్చు చూసి చెబుతోంది. తొర్ర ముందు నుంచి కోయిల తాతకు చెబుతోంది. తాతకు చెప్పిన మాటే కుందేళ్లకూ అందింది. అన్నీ వెనక్కి తిరిగాయి.

వరద రానే వచ్చింది. కోన మునిగింది. వాలు సగం దాకా నీళ్లు ఎగబాకాయి. తాత కొన చేరాడు. కుందేలు పిల్లలు రెండూ చేరాయి. ఎక్కేటప్పుడు అందరికన్నా వెనకబడిన ముసలి కుందేలు మాత్రం చేరలేకపోయింది. తప్పు దాచుకోవడానికి కోయిల వాడుకున్న ఆ కాసేపే దానికి కావలసింది.

మర్నాడు వాన వెలిసింది. అందరూ బండ దగ్గర చేరారు. కోయిల తొర్ర ముందుకు వచ్చింది. నిన్నటి అరుపులకు దాని గొంతు బొంగురుపోయింది.

"అడవికి మేలుకొలుపు. చెబుతున్నది కోయిల. నిన్న నేను ఒక మాటను తప్పుగా పలికాను. తప్పని తెలిశాక కూడా దాచాలని చూశాను. ముసలి కుందేలు చనిపోయింది. అది నా వల్లే. ఇక ఇక్కడ ఎవరు చెప్పాలో మీరే నిర్ణయించండి."

కుందేలు పిల్లలు వెక్కి వెక్కి ఏడుస్తున్నాయి. కణుజు అందరి మొహాలూ చూసింది. అంతలో ముళ్లపంది తాత గుంపులోంచి తడుముకుంటూ ముందుకొచ్చాడు.

"అమ్మాయ్, వాగు తగ్గిందా? నా బొరియకు దిగొచ్చా?" అని అడిగాడు.

తగ్గిందని ఒక్క తీయని మాట అంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కోయిల తాత వైపు చూసింది.

"తెలియదు తాతా. కొండముచ్చు చూడటానికి వెళ్లింది. అది వచ్చి చెప్పాక నీకు చెబుతాను," అంది.

"సరే. నువ్వు చెప్పేదాకా కదలను," అని తాత ముళ్లు సర్దుకుని ఆ బండ పక్కనే కూర్చున్నాడు.

ఎవరు చెప్పాలన్న ప్రశ్న కణుజు ఇంకెవరినీ అడగలేదు.

నీతి: గొంతు తీయగా ఉంటే మెచ్చుకుంటారు. మాట సరిగ్గా అందిస్తూ, తప్పు పలికినప్పుడు ఆ క్షణమే ఒప్పుకుంటే నమ్ముతారు. పదిమందికి చెప్పేవాళ్లకు మెప్పు కన్నా నమ్మకం ముఖ్యం.