ఇప్పలవలసలో వేగం కొలిచిన సాయంత్రం

సింహాద్రయ్య గారిని శిష్యులు ఏదైనా అడిగితే ఆయన వెంటనే బదులు చెప్పేవారు కాదు. "పద, కాస్త నడుద్దాం" అనేవారు. వయసులో ఉండగా మగ్గం నేసి, ఆ తరవాత తత్వంలోకి దిగిన మనిషి. ఇప్పలవలస ఊరి పైన, కొండవాలులో రెండు గదుల ఆశ్రమం ఆయనది. నెలకోసారి వచ్చిపోయే శిష్యుల్లో త్రినాథ్ ఒకడు. ఒక మొబైల్ కంపెనీలో పని. ఏ ఊళ్లో ఇంటర్నెట్ ఎంత వేగంగా అందుతోందో ఫోనులో కొలిచి, వచ్చిన అంకెను పై ఆఫీసుకు పంపడమే అతని ఉద్యోగం.

ఆ సాయంత్రం అతను ఆ పనిమీదే వచ్చి, ముందుగా గురువుగారి దర్శనం చేసుకున్నాడు. అరుగుమీద కూర్చున్నాడే గాని మోకాలు ఆడుతూనే ఉంది. "గురువుగారూ, మూడు నెలలుగా తెల్లవారుజామున నాలుగింటికే, ఇంట్లో ఎవరూ లేవకముందు, గంటసేపు ధ్యానంలో కూర్చుంటున్నాను. ఆ గంటా మనసు చెక్కుచెదరడం లేదు. ఇక నాకు శాంతి కుదిరినట్టేనా?" అని అడిగాడు. అడిగి, బదులు వచ్చేలోగా రెండుసార్లు ఫోను చూసుకున్నాడు.

"పద, ముందు నీ పని చూద్దాం" అని గురువుగారు చేతికర్ర అందుకున్నారు.

ఇంటర్నెట్ సరిగా అందడం లేదని కంపెనీకి ఫిర్యాదు చేసింది ఆ ఊరి నర్సు దమయంతి. పట్నం ఆసుపత్రి అక్కడికి ముప్పై కిలోమీటర్లు. అందుకని నెలలు నిండుతున్న ఆడవాళ్లను ఆమె వీడియో కాల్‌లో డాక్టరమ్మకు చూపించి, ఏం చెయ్యాలో అడిగి తెలుసుకుంటుంది. కిందటి వారం ఎనిమిదో నెల నడుస్తున్న గౌరి అనే అమ్మాయికి బీపీ పెరిగింది. డాక్టరమ్మ "వెంటనే" అని, తెరిచిన నోరు తెరిచినట్టే బొమ్మలా ఆగిపోయింది. వెంటనే మాత్ర వెయ్యాలా, వెంటనే బండి ఎక్కించాలా? దమయంతి గుండె చిక్కబట్టుకుని బండి ఎక్కించింది. ఆ పూటకి గండం గడిచింది. కానీ కాన్పుకి ఇంకా నెల ఉంది. వేగం తక్కువని తేలితే కంపెనీవాళ్లు పదిహేను రోజుల్లో టవరుకు ఇంకో పరికరం బిగిస్తారు. బాగానే ఉందని తేలితే ఫిర్యాదు మూసేస్తారు, మళ్లీ ఏడాదిదాకా ఇటు తొంగిచూసేవాడు ఉండడు.

త్రినాథ్ పాలకేంద్రం మెట్లమీద నిలబడి కొలిచాడు. పది దాటితే చాలనుకునే చోట నలభై రెండు వచ్చింది. నాలుగడుగులు పక్కకు జరిగి మళ్లీ కొలిచాడు. నలభై ఒకటి.

"నా ఫోనులో ఏనాడూ రెండు దాటలేదు బాబూ!" అంది దమయంతి.

"మీ ఫోనుకి ముసలితనం వచ్చిందేమో మేడమ్. టవరుకి మాత్రం ఏ రోగమూ లేదు."

ఊరిపెద్ద పోలినాయుడు మీసం సవరించుకున్నాడు. "నలభై రెండే! మా ఊరంటే ఏటనుకున్నారు మరి?" అన్నాడు. ఆ అంకె వల్ల ఊరికి జరిగే నష్టం పాపం ఆయనకు తెలియదు. దమయంతి గౌరి ఇంటివైపు ఒకసారి చూసి తల దించుకుంది.

అంతలో పై అధికారి ఫోను. "ఏమయ్యా, ఇంకా ఆ ఊళ్లోనేనా? చీకటిపడేలోగా ఇంకా రెండు ఊళ్లున్నాయి. వచ్చిందేదో పంపించి బయల్దేరు." త్రినాథ్ కాలు నిలవడం లేదు. నలభై రెండు అని నమోదు చేశాడు. పంపడానికి బొటనవేలు లేపాడు.

గురువుగారు వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూశారు. ఏ ఇంట్లోనూ పాట లేదు, పిల్లల బొమ్మల సినిమా గోల లేదు. "ఏం పోలినాయుడూ, ఊళ్లో ఎవరైనా పోయారా?" అని అడిగారు.

"అయ్యయ్యో, ఎవులూ పోనేదు గురువుగారూ! కంపెనీ బాబు కొలవడానికొస్తే మనం అడ్డు తగలకూడదు కదండీ. దండోరా ఏయించి అందరి ఫోన్లూ కట్టించేసినాను. సుట్టం తిన్నాకే కదండీ ఇంటోల్లు తినాల."

త్రినాథ్ ఫక్కున నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"సరే, ఇప్పుడు వాళ్లనీ పంక్తిలో కూర్చోమను" అన్నారు గురువుగారు.

ఇక్కడ ఒక్క సంగతి చెప్పుకోవాలి. టవరునుంచి వచ్చేది కాలవ నీరులాంటిది. ఒక్క మడికే మళ్లితే గట్టు తెగేలా పారుతుంది. అదే నీరు నూరు మడులకు పంచితే కొసమడికి తడి కూడా అందదు. పోలినాయుడు కేకేశాడు. ఇంటింటా ఫోన్లు వెలిగాయి. ఒకచోట పాట మొదలైంది, ఇంకొకచోట క్రికెట్టు, మరొకచోట కువైట్‌లో ఉన్న మొగుడితో తగువు. త్రినాథ్ మళ్లీ కొలిచాడు. తెరమీద చక్రం తిరిగి తిరిగి ఒకటిన్నర దగ్గర ఆగింది. దమయంతి డాక్టరమ్మకు వీడియో కాల్ చేసింది. ఆవిడ ఈసారి కళ్లు మూసి బొమ్మైపోయింది.

త్రినాథ్ అందరి ముఖాలూ చూశాడు. నలభై రెండు చెరిపేసి, ఒకటిన్నర అని నమోదు చేసి పంపాడు. క్షణంలో పై అధికారి ఫోను. అతను దాన్ని చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది. "అవును సార్, ఒకటిన్నరే. మీరు రేపు సాయంత్రం ఎవర్ని పంపినా అంతే వస్తుంది" అన్నాడు. మాట మార్చలేదు.

జీపు దాకా గురువుగారు వెంట నడిచారు. తలుపు తీసి పట్టుకుని త్రినాథ్ నెమ్మదిగా అడిగాడు, "నేనడిగినదానికి మీరింకా ఏమీ చెప్పలేదు. ఆ నాలుగింటి శాంతి..."

"జనం లేని ఊరికి టవరెందుకు, నాయనా?" అన్నారు సింహాద్రయ్య గారు.