పేరెన్నికగన్న భైరవభట్టు

ఒకానొకప్పుడు చిత్రగిరి రాజ్యాన్ని విజయకేతుడనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. కానీ లెక్కపెడితే తప్ప ఎవరి గొప్పతనమూ తేలదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని కాదన్నవాడికి కొలువులో నూకలు చెల్లినట్టే.

ఒకసారి రాజవైద్యుడి పదవి ఖాళీ అయింది. మెదడు, నాడుల రోగాల మీద నూట ఎనిమిది గ్రంథాలు రాసిన భైరవభట్టు వాటిని బండికెత్తించుకుని మరీ వచ్చాడు. తాను రాసినవి అలా ఉంచి, తక్కిన వైద్యుల గ్రంథాల్లో తన పేరు ఎన్నిసార్లు వస్తుందో చూసుకోమన్నాడు.

రాజుకు కావలసిందీ అదే. గ్రంథాలయం ముందు లేఖకులను కూర్చోబెట్టి, భట్టు పేరు కనబడిన చోటల్లా ఒక చింతపిక్క బుట్టలో వేయమన్నాడు. చదవనక్కర్లేదు, పేరు వెతికితే చాలు. సాయంత్రానికి బుట్ట నిండింది. మరే వైద్యుడి పేరుకూ గుప్పెడు పిక్కలైనా రాలేదు.

ఇక పదవి ఇచ్చేముందు ఆ మహావైద్యుడి హస్తవాసి చూడాలని రాజుకు ముచ్చట పుట్టింది. ఖర్మ కాలి, కొలువులో అందరినీ నవ్వించే బయ్యన ఆ రోజే పార్శ్వపు నొప్పితో తలకు గుడ్డ చుట్టుకుని వచ్చాడు. భట్టు నాడి పట్టి చూసి, ఎర్రగా కాల్చిన ఇనుముతో నడినెత్తిన వాత పెడితే నొప్పి మళ్లీ రాదన్నాడు. రాజు మూడోనాటికి ముహూర్తం పెట్టించాడు.

వాత మాట వినగానే బయ్యన నొప్పి ఎటో ఎగిరిపోయింది. ఆ సంగతి చెబితే నమ్మేదెవరు? తిన్నగా గ్రంథాలయానికి పోయి, భట్టు పేరున్న గ్రంథాలు విప్పి చదివాడు. శాస్త్రం రాసేవారికో పద్ధతి ఉంది. ముందు ఎదుటివాడి మాటను పేరు పెట్టి చెప్పి, వెంటనే దాన్ని ఖండిస్తారు. ఆ గ్రంథాలన్నిటిలోనూ భట్టు పేరు అలా ఖండించడానికే వచ్చింది.

కానీ రాజు లెక్క తప్పని చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. చెప్పకపోతే ఆ కొరివి భట్టు చేతిలో సిద్ధంగా ఉంది. బయ్యన రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే రాజు దగ్గరికి పోయాడు. ఇంత గొప్ప లెక్క ఒక్క వైద్యుడికేనా, ప్రభువుల కీర్తిని కూడా కొలిపించమన్నాడు. లేఖకులు ఒక్కపూట అంగడివీధిలో కూర్చుని, ఏలినవారి పేరు వినబడినప్పుడల్లా ఒక పిక్క వేస్తే సరిపోతుందన్నాడు. రాజు పొంగిపోయి సరేనన్నాడు.

సాయంత్రం నిండు కొలువులోకి మూడు బుట్టలు వచ్చాయి. మూడూ రాజు పేరువే. రాజు మీసం దువ్వుకున్నాడు.

"ఇంతకీ జనం ఏమంటున్నారు?"

లేఖకులు బయ్యన వంక చూశారు. బయ్యన చేతులు కట్టుకుని లేచాడు.

"ప్రభువులు పేరు లెక్కపెట్టమన్నారు గానీ, మాట వినమనలేదు."

రాజు ముఖం చిట్లించి, ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. పెద్ద లేఖకుడు అభయం అడిగి మరీ చెప్పాడు. కిందటి వారం ఉప్పు మీద సుంకం పడిందట. ఉప్పు కొన్న ప్రతివాడూ ముందు ఏలినవారి పేరు ఎత్తి, తరువాత ఏడు తరాలనూ తలుచుకున్నాడట.

రాజు చాలాసేపు బుట్టల వంక చూసి, చివరికి భట్టు పేరున్న గ్రంథం ఒకటి తెప్పించి చదవమన్నాడు.

లేఖకుడు చదివాడు. "నెత్తిన వాత పెడితే పార్శ్వపు నొప్పి పోతుందని భైరవభట్టు మతం. నొప్పి పోదు, రోగి పోతాడు."

మరో రెండు గ్రంథాలు విప్పినా అదే వరస. భట్టు మాత్రం తొణకలేదు.

"ఖండించారు, నిజమే. అయితే నన్ను ఖండించినంతగా ఈ దేశంలో ఇంకెవరినైనా ఖండించారా? లెక్క చూసుకోండి మహారాజా."

రాజు పగలబడి నవ్వాడు. "చూశానయ్యా. నీది ఒక్క బుట్ట, నావి మూడు. ఇందులోనూ నువ్వు నా తరువాతే."

బయ్యన నెత్తి బతికింది. భట్టు తన బండితో వచ్చిన దారినే పోయాడు. రాజు ఉప్పు సుంకం ఎత్తేసి, మెడలోని హారం తీసి బయ్యన మెడలో వేశాడు. వారం గడిచాక ఆయన లేఖకులను మళ్లీ అంగడికి పంపాడు. వాళ్లు ఖాళీ బుట్టతో తిరిగొచ్చి, ప్రభువుల పేరు ఎవరూ ఎత్తలేదని చెప్పారు. ఆ రాత్రి విజయకేతుడు ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయాడట.