ఈరమ్మ మెడలో తోడుతీగ

ఎండలకు అడవిలోని మడుగు బురదగుంటగా మారింది. మంద కొండ దాటి అవతలి ఏటికి వలస పోవాలి. ఆ మందలో ఒక కట్టుబాటు ఉంది. చూపు లేనివాళ్లకు, ఒంట్లో సత్తువ లేనివాళ్లకు ఒకరు తోడు నిలబడాలి. ఇద్దరి మెడలకూ కొరికినా తెగని ఒకే తీగ కడతారు. మందకు పెద్ద అయిన దున్న తప్ప ఆ ముడిని ఎవరూ విప్పకూడదు. ఆపైన తోడు నిలిచినవాళ్లు చెప్పిందే ఆ బలహీనుల మాటగా చెల్లుతుంది.

ఈసారి తోడు కావలసింది చూపు పోయిన ముసలి గేదె ఈరమ్మకు. మంద ఎప్పుడు కదులుతుందా, వెనకబడినవాళ్లను ఎప్పుడు పట్టుకుందామా అని తోడేళ్లు పొదల్లో కాచుకుని ఉన్నాయి.

"ఆమెకు నేనుంటా" అంది చుక్కి అనే పడుచు మేక.

"నీకెందుకమ్మాయ్ శ్రమ?" అంటూ మంద వెంట తిరిగే నక్క ముందుకొచ్చింది. "పాపం, ఆ కొండ ఆమె ఎక్కగలదా? మీరు వెళ్లండి. ఇక్కడే నీడపట్టున కూర్చోబెట్టి నేను చూసుకుంటా."

చుక్కికి ఒళ్లు మండింది. బండెక్కి గొంతెత్తింది.

"అన్యాయం! నోరులేనివాళ్లకు నోరవుదాం! ఈరమ్మత్త చూడలేదు, నడవలేదు, ఏది మంచో ఏది చెడో ఆమెకు తెలియదు! అణగారినవాళ్లను వదిలేసే మంద ఒక మందేనా?"

మంద మొత్తం గిట్టలు తాటించింది. చుక్కి ఛాతీ పొంగింది.

"విన్నారుగా పెద్దయ్యా?" అంది నక్క మెత్తగా. "నడవలేదని ఈ పిల్లే చెబుతోంది. నడవలేనిదాన్ని కొండెక్కించి లోయలో పడేస్తారా?"

"నేనన్నది అది కాదు!"

"మరేదమ్మా? మాట నీదే కదా."

చుక్కి ఎన్ని నినాదాలు వెతికినా ఒక్కటీ పనికి రాలేదు. దున్న తలూపబోతోంది. ఊపితే ఈరమ్మ బతుకు తెల్లారినట్టే.

అప్పుడు చూసింది. ఈరమ్మ నెమరు వేస్తూ, ముఖం కొండవైపు పెట్టి నిలబడి ఉంది. ఇంతసేపూ ఆమెను ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు.

చుక్కి బండ దిగి దగ్గరకెళ్లింది. "ఈరమ్మత్తా, నీకేం కావాలి?"

"అమ్మయ్య, ఇప్పటికి గుర్తొచ్చానా!" అంది ఈరమ్మ. "పోయింది కళ్లే, కాళ్లు కాదు. నేనూ ఏటికే వస్తా. అయినా నక్క అల్లుడు అంత ప్రేమగా అడుగుతున్నాడు, అదీ చూద్దాం. తీగ తెండి, అల్లుడికి కట్టండి."

నక్క ఉలిక్కిపడింది. "తీగెందుకత్తా? అది దారి నడిచేవాళ్లకు!"

"తోడన్నాక తీగ ఉండాల్సిందే" అంది దున్న. "మేం తిరిగొచ్చేదాకా ముడి విప్పేది లేదు."

"మంచిది" అంది ఈరమ్మ. "తోడేళ్లొస్తే నేను కదలకుండా పడుకుంటా అల్లుడూ. నన్ను ఈడ్చుకుని నువ్వెక్కడికీ పోలేవు. ఏదైనా ఇద్దరికీ ఒకటే."

"అదెలా కుదురుతుంది!" నక్క గొంతు కీచుమంది. "తోడేళ్లొచ్చేసరికి నన్ను పక్కకు తప్పుకోమన్నారు వాళ్లు!"

ఏమన్నానో నక్కకు అప్పుడు తెలిసింది. దున్న కొమ్ములు వంచేసరికి పొదల్లోకి ఒకటే పరుగు.

తీగ చుక్కి మెడకు పడింది. బరువుగా ఉంది. తను అడుగు తప్పు చూపిస్తే ఇద్దరూ లోయలోకే. మొదటి ఎక్కుడులోనే ధైర్యం కోసం ఒక నినాదం అందుకోబోయింది.

"అరవకే పిల్లా" అంది ఈరమ్మ. "ముందు రాయుందో లేదో చెప్పు."

"ఉందత్తా. ఆగుదామా, పక్కనుంచి పోదామా?"

"ఆఁ, అలా అడుగు."

ఎవరి తరఫున నోరు విప్పాలన్నా, ముందు వాళ్ల మాటకు చెవి ఒగ్గాలి.