మూల నుంచి మూలకు తాడు

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వజ్రకేతుకు ఒకటి, రెండు, మూడు తప్ప మరో లెక్క గిట్టదు. రెండోవాడు రత్నకేతు అరలు, పావులు, వీసాల దాకా నేర్చాడు. మూడోవాడు పుష్పకేతు ఉన్నాడే, వాడు చదువు ఎగ్గొట్టి కోట కట్టే మేస్త్రి ఎల్లయ్య వెంట తిరిగేవాడు.

గోడల మూలలు కుదిరాయో లేదో చూడ్డానికి ఎల్లయ్య మూల నుంచి మూలకు తాడు లాగేవాడు.

"ఈ చదరపు రాయి నాలుగు పక్కలా మూరెడేగా తాతా, మరి ఈ తాడు ఎన్ని మూరలు?" అని పుష్పకేతు అడిగేవాడు.

"ఒకటి కాదు, ఒకటిన్నరా కాదు. ఏ భిన్నానికీ చిక్కదు బాబూ. చెప్పలేం గానీ లాగి చూపిస్తాం," అనేవాడు.

ఇంతలో ధూమ్రకేశుడనే మాంత్రికుడు పొరుగు రాకుమారి హేమరేఖను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. మూడోవాడు వలలో చిక్కిన తాబేలును విడిపిస్తే, "ఎక్కు నాయనా!" అని అది ఏడు సముద్రాలూ దాటించింది.

తీరా చూస్తే ఏముంది? అన్నలిద్దరూ రాళ్ళై నిలబడ్డారు! పుష్పకేతుకు ఏడుపొచ్చింది. మాంత్రికుడు పగలబడి నవ్వాడు.

"నా ప్రాణం చిలకలో ఉంది. ఆ చిలక మూరల గీతలున్న ఈ బంగారు కమ్మీ మీద కనపడకుండా కూర్చుంది. సున్నా గీత నుంచి ఎంత దూరమో ఒక్కసారే చూపాలి. మీ పెద్దన్న ఒకటి మీద వేలు పెట్టాడు, చిన్నన్న ఒకటిన్నర మీద పెట్టాడు. తప్పితే నువ్వూ రాయివే!"

భయమేసింది. వేయదూ మరి!

"రోజూ ఆ రాతిపీట మీద తాడు పట్టి కొలిచాకే చిలకకు జామపండు పెడతాడు!" అని హేమరేఖ చెరలోంచి అరిచింది.

పీట నాలుగు పక్కలా సరిగ్గా మూరెడే. ఒకటి అంటే పెద్దన్న గతే! అప్పుడు ఎల్లయ్య గుర్తొచ్చాడు. పుష్పకేతు తలపాగా విప్పి, పీట మీద మూల నుంచి మూలకు లాగి, అంత పొడుగునూ సున్నా దగ్గర్నించి కమ్మీ మీద పరిచాడు. కొసన చెయ్యి వేశాడు. రెక్కలు టపటపలాడాయి!

"చదువురాని వాడికి దొరికిపోయానే!" అని మాంత్రికుడు లబోదిబోమన్నాడు. చిలక మెడ విరిగింది, వాడి పీడా విరగడైంది. రాళ్ళు అన్నలయ్యారు.

హేమరేఖతో పెళ్ళి అంగరంగ వైభవంగా జరిగింది. అలా ఏ భిన్నానికీ చిక్కని కొలతను కరణీయ సంఖ్య అంటారని పండితులు చెప్పారు. పెళ్ళిపీటల పక్కనే కూర్చోబెట్టిన ఎల్లయ్య నవ్వుతూ అడిగాడు, "ఇంతకీ చిలక ఎన్ని మూరల్లో ఉంది బాబూ?"

"చెప్పలేను తాతా," అన్నాడు కొత్త పెళ్ళికొడుకు, తలపాగా విప్పబోతూ. "లాగి చూపిస్తాను!"

ఆ తరవాత చాలాకాలం ఆయనే రాజు. ఆయన కట్టించిన ఒక్క గోడా వంకర పోలేదు.