అల్లం బిస్కెట్ మహల్

మౌలాలికి వచ్చిన కష్టమంతా చీమలతోనే.

పట్నంలో బేకరీల వాళ్లు ఏటా అల్లం బిస్కెట్‌తో బొమ్మ ఇళ్లు కట్టే పోటీ పెడతారు. గోడలు, కప్పులు, గుమ్మటాలు, అన్నీ బిస్కెట్టే. అతుకులకు పంచదార పాకం. మొత్తం తినేదిగా ఉండాలన్నది ఒక్కటే నియమం. ఈసారి మౌలాలి మహల్ కట్టాడు.

గెలిచి వస్తే బట్టీ అప్పగిస్తానని గురువు బాజీ బాబా అతనికి మాటిచ్చాడు. బాబా ఫకీరు. దర్గా పక్కన రొట్టెల బట్టీ నడుపుతూ, అడిగినవాళ్లకు దేవుడి మాట, అడగనివాళ్లకు రొట్టె ఇస్తుంటాడు. మా ఊళ్లో అడిగినవాళ్లు లేరు. బట్టీ అప్పగించడమంటే రొట్టెలు తీసే పొడుగాటి తెడ్డు చేతికివ్వడమే. ఆ తెడ్డు కోసం మౌలాలి పెళ్లి కూడా వాయిదా వేసుకున్నాడు. పిల్ల తరఫువాళ్లు పెద్దగా అభ్యంతరం చెప్పలేదు.

చీమలు పట్టకుండా మహల్ ఉన్న బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో పెట్టాడు. పంపు రాక ఊరంతా బిందెలతో నిలబడ్డా ఆ గిన్నెలు మాత్రం ఎండేవి కావు.

"రస్కులేవయ్యా?" అంది కోటమ్మ వచ్చి.

"మహల్ పనిలో ఉన్నాను పిన్నీ."

"నిన్నా అదే చెప్పావు. మహల్ నంజుకుని టీ తాగమంటావా?"

"ముట్టుకోకు పిన్నీ. అటు ఊపిరి కూడా వదలకు."

కోటమ్మ ఊపిరైనా బిగబట్టగలదు గాని మాట బిగబట్టలేదు. సాయంత్రానికల్లా ఊరంతా చూడ్డానికి వచ్చింది. గుమ్మటం ఎడమకి ఒరిగిందన్నాడు దర్జీ రోశయ్య. ఆయన కుట్టిన కాలర్లన్నీ అటే ఒరుగుతాయి కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఈ సందట్లో బట్టీలో రొట్టెలు మాడిపోయాయి. బాబా ఒక నల్లటి రొట్టె తెచ్చి మౌలాలి ముందు పెట్టాడు.

"ఇది నువ్వు తింటావా, నన్ను తినమంటావా?"

"పోటీ అయ్యేదాకా ఓపిక పట్టండి బాబా. ఆ మెరుపు చూడండి. వానగాలికి కూడా మెత్తబడదు."

"ఏం కలిపావు?"

"అంతా తినేదే."

బాబా మహల్ చుట్టూ తిరిగాడు. ఇలాంటి శిష్యుణ్ణి ఇచ్చినందుకు పైకి ఒకసారి చూశాడు. తర్వాత గోడ దగ్గరున్న తెడ్డు తెచ్చి, ఒక కొస నేలమీద, ఇంకో కొస బల్ల అంచున ఉండేలా ఆనించాడు.

"బాబా, దానిమీదుగా చీమలు ఎక్కుతాయి."

"తినేదే అన్నావుగా."

గురువు పెట్టిన తెడ్డును శిష్యుడు తియ్యకూడదు. గొణుక్కోకూడదని మాత్రం ఎక్కడా లేదు. మౌలాలి పడుకునేదాకా గొణుక్కున్నాడు.

తెల్లారేసరికి చీమలు వచ్చి ఉన్నాయి. తెడ్డు మీదుగా బారు కట్టి ఎక్కి, సింహద్వారం దాటి, గుమ్మటాలు దాటి, మినార్ల పక్కనుంచి మహల్ వెనక్కి వెళ్లాయి. అక్కడ ఒక చిన్న కిటికీ ఉంది. దానిమీద నల్లగా మూగాయి. మిగతా మహల్ మీద ఒక్క చీమ కూడా ఆగలేదు.

"ఆ కిటికీలో ఏముంది?" అన్నాడు బాబా.

మౌలాలి నేల చూస్తూ చెప్పాడు. "అది పోటీ పెద్దలకి బాబా. రుచి చూడాలంటే వెనకవైపు నుంచే తుంచుతారు."

"మిగతాది?"

"అతుకులకు జిగురు. పైన వార్నిష్. కుర్చీలకు వేసేదే. మంచి రకం."

బాబా మాడిన రొట్టె తీసుకుని, నలుపు గీక్కుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

మౌలాలి మహల్‌ను పెరట్లో పారేశాడు. కోటమ్మ మేక వచ్చి వాసన చూసి వెళ్లిపోయింది. రోశయ్య కొలతల టేపు తిన్న మేక అది.

పోటీ ఎల్లుండే. మౌలాలి మళ్లీ పిండి కలిపాడు. అల్లం దంచాడు, బెల్లం కరిగించాడు. తెడ్డు బల్లకు ఆనించే ఉంది. దాన్ని ముట్టుకోకుండా గుడ్డ పట్టుకుని పళ్లేలు తీస్తూ వేళ్లు కాల్చుకున్నాడు. రస్కులు ఆ రోజూ లేవు. కోటమ్మ గుమ్మంలో నిలబడి, బట్టీకి తాళం వేసి తాళంచెవి సముద్రంలో పారేసుకోమని సలహా ఇచ్చి వెళ్లింది.

మహల్ కట్టే వ్యవధి లేదు. ఒంటిగది ఇల్లు లేచింది. అతుకుల దగ్గర పాకం కారింది. ఒక గోడ నిజంగానే ఎడమకి ఒరిగింది. దాన్ని అదే బల్లమీద పెట్టి, మౌలాలి పక్కన కూర్చున్నాడు.

చీమలు తెడ్డెక్కి వచ్చాయి. కప్పు మీదికి, గోడల మీదికి, గుమ్మం మెట్టు మీదికి పాకాయి. ఏ వైపునూ వదల్లేదు. మౌలాలి వాటిని ఊదలేదు.

"బాబా," అని పిలిచాడు. "చీమలు. అన్ని వైపులా."

బాబా వచ్చి చూశాడు.

"ఇల్లు వంకరగా ఉంది బాబా. ఇది గెలవదు."

బాబా కప్పు అంచు కొంచెం తుంచి, దానిమీద చీమను ఊదేసి, నోట్లో వేసుకున్నాడు. తీరిగ్గా నమిలాడు. ఇంకో ముక్క తుంచాడు.

"ఇక ఆ తెడ్డు తియ్యి," అన్నాడు. "బట్టీ చల్లారిపోతోంది."