పాలబండి బరువు

ఆ రోజు సాయంత్రం దాకా మౌలాలి ఏ పనీ కుదురుగా చేయలేకపోయాడు.

పొద్దున పాలబండి తోలుకొస్తూ ఒక ముసలమ్మను ఢీకొట్టబోయాడు. బ్రేకు మీద రెండు కాళ్లూ వేసి తొక్కితే బండి ఆమెకు జానెడు దూరంలో ఆగింది. ఆగాక మనిషన్నవాడు ఏం చేయాలి? దిగి, దెబ్బేమైనా తగిలిందా అవ్వా అని అడగాలి. మౌలాలి కిటికీలోంచి తల బయటపెట్టి, "చావాలని ఉంటే యాడన్నా బాయి చూసుకో, నా బండే దొరికిందా నీకు!" అని అరిచి, గేరు మార్చి వెళ్లిపోయాడు. వెళ్లిపోయాడే గానీ ఆ ముఖం బండితోపాటే వచ్చింది.

చెడ్డవాడు కాడు మౌలాలి. తొందర మనిషి, అంతే. ఊరూరా తిరిగి పాలక్యాన్లు ఎక్కించుకొని, ఎండ ముదరక ముందే టౌనులోని పాల కేంద్రానికి చేర్చడం అతని పని. ఆలస్యమైతే పాలు విరిగిపోతాయి, మాట పడేది డ్రైవరే. అదే రోడ్డు, అవే మలుపులు, అవే గుంతలు. పెళ్లికి ముందు నుంచీ తోలుతున్నాడు. ఇంట్లో కూర్చున్నా ఎడమకాలు క్లచ్ కోసం వెతుక్కుంటుంది. అన్నం కలుపుకుంటుంటే వెనక ఎవరో హారన్ కొడుతున్నట్టు ఉలిక్కిపడతాడు. ఆ విసుగంతా పెళ్లాం మాబున్నీ మీద చూపిస్తాడు. ఆమె పాపం కంచం అతని ముందుకు జరిపి అక్కణ్ణించి లేచి వెళ్లిపోతుంది.

ఇక ఉలవల కాలం వచ్చిందంటే చెప్పనక్కర్లేదు. ఆ వైపు రైతులు కళ్లాలు చేయడం ఎప్పుడో మానేశారు. ఉలవ కట్టెను, అంటే కాయలతో సహా కోసిన మొక్కల్ని, తెచ్చి తారురోడ్డు మీద పరిచేస్తారు. వచ్చే పోయే బండ్లు తొక్కితే కాయలు చిట్లి గింజలు రాలతాయి. సాయంత్రం ఊడ్చుకొని, తూర్పార పట్టి, మూటలు కట్టుకొని పోతారు. వాళ్లకు బాగానే ఉంది. ఆ కట్టె కాస్తా యాక్సిల్‌కు చుట్టుకుంటే బండి కింద వెల్లకిలా పడుకొని పీక్కోవలసింది డ్రైవరు. అది తలుచుకుంటేనే మౌలాలికి ఒళ్లు మండుతుంది. వాళ్ల పంట నూర్చడానికా నేను పుట్టింది అని, రోడ్డు మీద కట్టె కనబడగానే స్టీరింగు కోసి బండిని పక్కనున్న మట్టిలోకి దించేస్తాడు. క్యాన్లు ఎగిరెగిరి పడినా సరే, కట్టె మాత్రం తొక్కడు.

ఆ పొద్దున కూడా అలాగే దించాడు. సరిగ్గా ఆ మట్టిలోనే నిలబడి ఉంది ముసలమ్మ.

చీకటి పడకముందే మౌలాలి గుట్ట ఎక్కాడు. పైన ఒక చిన్న దర్గా, దాని పక్కన రాతిగది. అందులో కలందర్ తాత ఉంటాడు. ఆయన పెద్దగా బోధించేదేమీ ఉండదు. దర్గా ఊడుస్తాడు, ఎక్కి వచ్చినవాళ్లకు నీళ్లిస్తాడు, అడిగినదానికి సగం సమాధానం చెబుతాడు. ఆ సగం కోసమే మౌలాలి ప్రతి బేస్తవారం వచ్చి, ఆయన పక్కన కూర్చొని తస్బీమాల తిప్పుతుంటాడు. వేళ్లు పూసల మీద ఉంటాయి. బుర్రలో మాత్రం చక్రాలు తిరుగుతుంటాయి.

"ఏమప్పా, బేస్తవారం కాకుండానే వస్తివి?" అన్నాడు తాత, పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ.

"నేను స్టీరింగు వదిలేస్తా తాతా. ఓనరుకు చెప్పేసినా. రేపు ఒక్కనాడు తోలి తాళంచెవి ఇచ్చేస్తా. ఇంగ నీ కాడనే పడుంటా. నీళ్లు మోస్తా, కసువు ఊడుస్తా."

"మీ మాబున్నీకి చెప్పినావా?"

"చెప్పలే."

"ఊఁ" అన్నాడు తాత.

ఆ "ఊఁ" మౌలాలికి గుచ్చుకుంది. అప్పటిదాకా బిగబట్టుకున్నది ఒక్కసారిగా బయటపడింది. "పొద్దున ఒక మనిషిని చంపేసేవాణ్ణి తాతా. జానెడు తప్పింది. పైగా ఆమెనే తిట్టినా. నాకు నా మీదే భయంగా ఉంది. రోజూ పోతా, రోజూ వస్తా, యాడికీ చేరేది లేదు. మనసు ఒక చోట నిలబడదు. ఇంగా తోల్తే ఎవర్నో ఒకర్ని తొక్కేస్తా. ఆ బండి దావలో నాకేమీ లేదు తాతా. ఉండేదంతా ఈడనే."

తాత టీ వడపోసి గ్లాసు అతని చేతికిచ్చాడు. మౌలాలి చూసుకోకుండా పట్టుకుంటే టీ ఒలికింది. ఒలికిన చోటును తాత తన తువ్వాలుతో తుడిచాడు.

"రేపు నీ బండిలో నాకు చోటుంటాదా?"

"ఉంటాది తాతా. యాడికి?"

"టౌన్లో పనుంది."

తాతకు టౌనులో పనేమిటో మౌలాలికి అంతుపట్టలేదు. ఆయన గుట్ట దిగడం ఈమధ్య ఎవరూ చూడలేదు. అయినా ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ చెప్పని మాటేదో బండిలో చెబుతాడు కాబోలు అనుకున్నాడు.

మర్నాడు క్యాన్లన్నీ నింపుకొని మౌలాలి వచ్చేసరికి తాత గుట్ట కింద రాయి మీద కూర్చొని ఉన్నాడు. ఎక్కి, కాళ్లు పైకి మడుచుకొని, జేబులోంచి వేయించిన చెనక్కాయలు తీసి వలుచుకోవడం మొదలుపెట్టాడు. మౌలాలి చెవులు రిక్కించుకొని తోలుతున్నాడు. తాత నోట్లోంచి మాట రాదు, నమిలే చప్పుడు తప్ప.

చాలా దూరం పోయాక, "ఆ గుట్ట పేరేంది?" అన్నాడు తాత.

"తెలీదు తాతా."

"ఈ వంక నీళ్లు యాడికి పోతాయో?"

"ఏమో. నేనెప్పుడూ చూళ్లేదు."

ఇదా ఉపదేశం అనుకున్నాడు మౌలాలి. ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. హారన్ మీద చెయ్యేసి తీయలేదు. గొర్రెలు బెదిరి, ఒక వారగా పోయేవి కాస్తా రోడ్డంతా పరుచుకున్నాయి. అవి సర్దుకొనేదాకా అతను సీట్లో కుదురుగా కూర్చోలేక స్టీరింగు మీద వేళ్లతో కొట్టుకుంటూనే ఉన్నాడు. తాత రెండు చెనక్కాయలు వలిచి అతని చేతిలో పెట్టాడు. వాటిని నోట్లో వేసుకున్నాడే గానీ రుచి తెలియలేదు.

మలుపు తిరగగానే ఉలవ కట్టె కనిపించింది. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరిచేశారు. అలవాటు కొద్దీ చేతులు స్టీరింగును ఎడమకు కోశాయి.

మట్టిలో, నిన్నటి చోటే, ముసలమ్మ నిలబడి ఉంది.

ఈసారి బండి చాలా దూరంలోనే ఆగింది. మౌలాలి తాత వైపు తిరిగాడు. "మళ్లా ఈడనే నిలబడింది సూడు తాతా! ఈమెకు నిజంగానే పిచ్చి."

"దిగి అడిగిరా పో, ఏంటికి నిలబడిందో."

"పాలు విరిగిపోతాయి తాతా."

తాత ఇంకో చెనక్కాయ వలుచుకున్నాడు. మౌలాలి దిగక తప్పలేదు. తిట్లు తినడానికి సిద్ధపడే తల వంచుకొని వెళ్లాడు. ముసలమ్మ నడుముకు చెంగు బిగించి, చేతిలో కట్టె తిరగేసే పంగలకర్ర పట్టుకొని ఉంది. వెనక చేనిగట్టు మీద ఆమె కోడళ్లో కూతుళ్లో, ఇద్దరాడవాళ్లు ఊడ్చే పొరకలు పట్టుకొని చూస్తున్నారు.

"వస్తివా నాయనా!" అంది ముసలమ్మ. చుట్టం వచ్చినట్టే అంది.

"అవ్వా, నిన్న... ఏమో నోరు జారితి."

"పోనీలే. నేనూ బండికి మరీ అడ్డంగా నిలబడితి."

"ఏంటికవ్వా అట్ల నిలబడేది? నేను ఆపకపోయింటే?"

"నిలబడకుంటే నువ్వు కట్టె మీద ఎక్కిస్తావా?" ముసలమ్మకు కోపం కూడా వచ్చింది. "దినామూ సూస్తానే ఉండా. కట్టె కనపడితే సాలు, మట్టిలోకి దిగిపోతావు. లారీ ఎక్కితే గింజ పగిలిపోతాది. మోటర్ సైకిల్‌కు కాయ చిట్లదు. క్యాన్లు నిండిన నీ పాలబండి ఉండాది సూడు, దాని బరువు సరిగ్గా సరిపోతాది. అది పోయినప్పుడు రాలినట్ల ఇంగ దేనికీ రాలదు. నువ్వొచ్చే యాళకనే పరుస్తాం. ఒకనాడన్నా ఎక్కించవు. అద్దో, మబ్బు పట్టింది. వాన పడిందంటే అంతా బూజు పట్టి పోతాది."

మౌలాలి రోడ్డు మీది కట్టె వైపు చూశాడు. "నేనొచ్చే యాళకా?" అన్నాడు.

"ఇంగెవురి కోసం పరుస్తాం?"

అతను వెనక్కి వచ్చి సీట్లో కూర్చున్నాడు. "ఏమంటాది?" అన్నాడు తాత. మౌలాలి రెండు చేతులూ స్టీరింగు మీద వేశాడు. "యాక్సిల్‌కు చుట్టుకుంటాది తాతా" అని మాత్రం అన్నాడు.

"చుట్టుకోనీ."

మౌలాలి మొదటి గేరు వేశాడు. ముసలమ్మ పక్కకు తప్పుకుంది. చక్రాలు కట్టె మీదికి ఎక్కాయి. మెత్తగా, ఏదో చాప మీద పోతున్నట్టుంది. కింద నుంచి చిటపటమని కాయలు పేలే చప్పుడు. ఇన్నేళ్ల సర్వీసులో ఆ చప్పుడు అతను ఎప్పుడూ వినలేదు. కట్టె దాటగానే కాలు తనంతట తాను ఎక్సలేటరు మీదికి పోయింది.

తాత కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తన వైపు అద్దాన్ని వెనక రోడ్డు కనబడేలా కిందికి తిప్పాడు.

"అట్ల తిప్పితే వెనక వచ్చే బండ్లు కనపడవు తాతా!"

అద్దాన్ని సరిచేయమందామని మౌలాలి అటు చూశాడు. చూసి, కాలు తీసేశాడు.

అద్దం నిండా వాళ్లే. బండి దాటీ దాటగానే ఆడవాళ్లిద్దరూ రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చారు. ఒకామె కట్టెను తిరగేస్తోంది, ఒకామె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతోంది. చక్రాలు రేపిన పొట్టు ఇంకా కిందికి దిగలేదు. మబ్బు సందులోంచి ఎండ పడి అదంతా పసుపు చల్లినట్టు గాల్లో నిలబడి ఉంది. దాని మధ్యలో ముసలమ్మ వంగి, చక్రం పోయిన దారిలోంచి గుప్పెడు ఎత్తి, అరచేతిలో పోసుకొని ఊదింది. చేతిలో మిగిలినవి చూసుకుంది. తర్వాత తలెత్తి, బండి వైపు చేయి ఊపింది.

ఎంత బాగుందో! మౌలాలికి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లూ ఈ రోడ్డు మీద ముందుకు పోవడమే గానీ, తను దాటిపోయాక వెనక ఏం జరుగుతుందో ఒక్కసారీ చూసినవాడు కాదు.

వెనక బస్సు హారన్ కొట్టింది. మౌలాలి చెయ్యి బయటపెట్టి, నువ్వు పో అన్నట్టు ఊపాడు.

పాల కేంద్రానికి చేరేసరికి కొంచెం ఆలస్యమైంది. పాలు విరగలేదు. క్యాన్లు దించాక మౌలాలి బండి కింద పడుకొని యాక్సిల్‌కు చుట్టుకున్న కట్టె పీకుతుంటే ఓనరు నాగిరెడ్డి వచ్చాడు.

"కొత్త డ్రైవర్ను మాట్లాడినా మౌలాలీ. తాళంచెవి ఇయ్యి."

మౌలాలి బయటికి వచ్చి దుమ్ము దులుపుకున్నాడు. తాళంచెవి జేబులోనే ఉంది. తీయలేదు.

"ఉలవలు అయిపోనీ అన్నా" అన్నాడు.

నాగిరెడ్డికి ఏమీ అర్థం కాలేదు. డ్రైవరు ఉంటానంటున్నాడు, అది చాలనుకొని వెళ్లిపోయాడు.

తాత బండి నీడలో గొంతుక్కూర్చొని ఉన్నాడు. "టౌన్లో పనుందంటివే తాతా, పోదామా?" అని అడిగాడు మౌలాలి.

"వచ్చే దావలోనే అయిపాయ."

తిరుగుదారిలో గుట్ట కింద తాత దిగబోతుంటే మౌలాలి ఆపి, "బేస్తవారం వస్తా తాతా" అన్నాడు.

"ఉలవలు అయ్యేదాకా రావద్దు."

"మరి తస్బీ తిప్పేది?"

తాత స్టీరింగు వైపు గడ్డం చూపించాడు. "అది తిప్పు" అని, చెనక్కాయ పొట్టు దులుపుకుంటూ గుట్ట ఎక్కసాగాడు.

మరుసటి పొద్దున మలుపు దగ్గరికి వస్తూనే మౌలాలి వేగం తగ్గించాడు. మబ్బు ఇంకా అలాగే ఉంది. రోడ్డు మీద కట్టె పరిచి ఉంది. ఎడమ పక్క మట్టిలోకి చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

ముసలమ్మ చేనిగట్టు మీద కూర్చొని చాటలో ఉలవలు చెరుగుతోంది. పాలబండి చప్పుడు విన్నది. తలెత్తి కూడా చూడలేదు.

మౌలాలి మొదటి గేరు వేసి, మెల్లగా కట్టె మీదికి ఎక్కించాడు.